ఎర్ర తాళం కింద ఇంకో తాళం

ఆ పొద్దున ఆకాశంలో ముగ్గురు సూర్యులు కనిపించారు. నడుమనున్నవాడు అసలువాడు. అటొకడూ ఇటొకడూ గాల్లోని మంచు పలుకుల్లో చలికి పుట్టిన దొంగ సూర్యులు. మబ్బు తునక లేదు. మంచు తుఫాను దాటిపోయాక మా మైదానం మీద ఆకాశం అలాగే ఉంటుంది, తనకేమీ తెలియనట్టు. ముగ్గురిలో ఒక్కడికీ వేడి లేదు.

నేను ట్రక్కు దిగేసరికి లెఫ్టినెంట్ బోలెన్, ఇళ్ళ సామాను దాచుకోడానికి అద్దెకిచ్చే స్టోరేజీ కొట్ల ముందు నిలబడి ఉన్నాడు. రాష్ట్ర పోలీసు, రాజధాని నుంచి వచ్చాడు. నెబ్రాస్కాలో ఈ పడమటి కొసన మా జిల్లా షెరీఫు దగ్గర నేరాలు విచారించేది నేనొక్కణ్ణే. పశువుల దొంగతనాలు, తాగి కొట్టుకున్న కేసులు నేను చూసుకుంటాను. అనుమానపు చావు వస్తే మాత్రం రాజధానికి కబురు చెయ్యాలి. చేశాను. వచ్చాడు.

"కుచేరా, పాలు పితికి వస్తున్నావా?" అన్నాడు.

"ఆవులు లేవు లెఫ్టినెంట్. అమ్మేశాం."

"నీ ఒంటి మీద ఇంకా ఆ వాసనుందిలే. సరే, నీకు శ్రమ లేదు. కేసు తేలిపోయింది." చేతిలోని ప్లాస్టిక్ సంచీ పైకెత్తి చూపించాడు. అందులో కోసేసిన ఎర్ర తాళం ఉంది. "మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ మేనేజరమ్మని తీసుకుని వెళ్ళిపోతా. తెలిసి తెలిసీ మనిషిని లోపల పెట్టి తాళం వేసింది. హత్య."

చచ్చిపోయింది లీలండ్ నొవోట్నీ. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు ఊరికి ఉత్తరాన జొన్న వేసేవాడు. నిన్న, బుధవారం, ఎవరో ఆడమనిషి అగ్నిమాపకం వాళ్ళకి ఫోను చేసి "పద్నాలుగో కొట్టులో మనిషున్నాడు, తొందరగా వెళ్ళండి" అని చెప్పి పెట్టేసింది. పేరు చెప్పలేదు. మా ఊళ్ళో ఆ ఫోను పాతది, నంబరు చూపించదు. వాళ్ళు మంచు తోసుకుంటూ వెళ్ళి, కట్టరుతో తాళం కోసి షట్టరు ఎత్తారు. అతని మోకాళ్ళు షట్టరుకి ఆనుకునే ఉన్నాయి. కుర్చీలో కూర్చుని, రెండు దుప్పట్లు కప్పుకుని, గడ్డకట్టుకుపోయి ఉన్నాడు.

"రోండాతో మాట్లాడాలి" అన్నాను.

"నేను మాట్లాడేశాను."

"నేను మాట్లాడలేదు."

*

రోండా టీస్లీ ఆఫీసులో బల్ల వెనక కూర్చుని ఉంది. కోటు విప్పలేదు. రాత్రంతా ఏడ్చిన మొహం. నన్ను చూడగానే లేచింది.

"ఎమ్మెట్, నువ్వైనా చెప్పు ఈయనకి! నేను మనుషుల్ని చంపేదాన్నా?"

"కూర్చో రోండా. ఆ ఎర్ర తాళం సంగతి చెప్పు."

"అద్దె ఆలస్యమైతే వేస్తాం. షట్టరు గడియకి రెండు కన్నాలుంటాయి. ఒకదాంట్లో అద్దెకున్నవాళ్ళ తాళం, రెండోదాంట్లో మాది. బాకీ కడితే మాది తీసేస్తాం. లోపలికి తొంగి చూడ్డానికి కూడా మాకు హక్కులేదు, కంపెనీ రూలు."

"ఎప్పుడు వేశావు?"

"మంగళవారం. ఎప్పుడూ పదింటికి వేస్తాను. ఆ రోజు తుఫాను వస్తుందన్నారని తెల్లారకముందే బకెట్లో తాళాలు వేసుకుని వెళ్ళి, అన్నీ వేసేసి, మా అమ్మాయి దగ్గరికి పక్కూరు వెళ్ళిపోయాను. దారులు మూసేశారు. నిన్న సాయంత్రం వచ్చాను. వచ్చేసరికి..." ఆగిపోయింది.

బోలెన్ గోడకి ఆనుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. "పోయిన నెల బారులో ఏమన్నావో అది కూడా చెప్పు. కొట్లలో కాపురం పెట్టే ఎలకల్ని లోపలే పెట్టి తాళం వెయ్యాలి అన్నావా, లేదా?"

"అన్నాను. మూడు బీర్లు తాగి అన్నాను. బారులో నేనన్న మాటలన్నీ జరిగితే, మా పాత మొగుడు ఈపాటికి ఆరుసార్లు చచ్చుండాలి. వాడు శుభ్రంగా ఉన్నాడు. వెళ్ళి చూసుకోండి."

"లీలండ్ లోపల ఉంటున్నాడని తెలుసా నీకు?" అన్నాను.

"ఒట్టు, తెలీదు. పక్కూళ్ళో గది తీసుకున్నానని అందరికీ చెప్పాడు కదా. పైగా అతని తాళం అతనిది వేసే ఉంది ఎమ్మెట్. గుండ్రటి తాళం. బయట తాళం వేసుంటే మనిషి లోపలెలా ఉంటాడు?"

"అక్కడ దొరికింది ఒక్క తాళం" అన్నాడు బోలెన్. "ఎర్రది. నీది."

రోండా నా వంక చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. మంచు తోసే బండి పొద్దున్నే వచ్చి, కొట్ల ముందున్నదంతా ఒక పక్కకి గుట్టగా నెట్టేసింది.

"అద్దె ఎందుకు కట్టలేదు?" అన్నాను.

"కట్టాడు! ఎప్పుడూ కట్టేదే కట్టాడు. జనవరి నుంచి పదిహేడు డాలర్లు పెరిగింది. తక్కువొస్తే కంప్యూటరు తీసుకోదు. మొత్తం తిప్పి పంపించేస్తుంది. అప్పుడిక పైసా కట్టనట్టే లెక్క. దాని మీద ఆలస్యం జరిమానా."

"పెరిగిందని అతనికి తెలుసా?"

"పెద్దాఫీసు వాళ్ళు ఉత్తరం వేశారు. పైన్ వీధి ఇంటికి."

"ఆ ఇల్లు అతను ఆగస్టులోనే ఖాళీ చేశాడు. నిన్న ఇంటివాళ్ళని అడిగాను."

"మాకు కొత్త అడ్రసు ఇవ్వలేదు."

"ఏమని ఇస్తాడు? పద్నాలుగో కొట్టు అనా?"

రోండా బల్ల మీదున్న బోర్డుని తిప్పి పెట్టింది, అక్షరాలు నాకు కనపడకుండా. మొదటి నెల ఒక్క డాలరే అని రాసుంటుంది దాని మీద. ఊరందరికీ తెలిసిన బోర్డే.

"మొదట్లో నెలకెంతకి చేరాడు?" అన్నాను.

"నలభై. ఇప్పుడు నూట నలభై పైన. తాళం మా దగ్గరే కొనాలి, బీమా మా దగ్గరే కట్టాలి. ఏడాదికోసారి పెంచుతారు, ఒక్కోసారి రెండుసార్లు. పెంచితే ఎవరు పోతారు చెప్పు? ట్రక్కు తేవాలి, మోసేవాళ్ళు కావాలి, పెట్టుకోడానికి చోటు కావాలి. పోలేరని తెలిసే పెంచుతారు. నేను పెంచను ఎమ్మెట్. నేను తాళాలు వేస్తాను, అంతే."

"తొమ్మిదేళ్ళయింది కదా, అతని భార్య ఆర్డిస్ పోయి."

"ఆమె పోయిన నెలలోనే తెచ్చి పెట్టాడు."

"ఆ సామాను వేలం వేస్తే ఎంతొస్తుంది?"

"రెండొందలు. పియానో ఉంటే ఇంకా తక్కువ. మోసినవాడికి మనమే ఎదురివ్వాలి." ఈ మాట వేళాకోళంగా మొదలెట్టి మధ్యలోనే కళ్ళు తుడుచుకుంది. "ఇంకో సంగతి. మంగళవారం మధ్యాహ్నం అతని బాకీ ఎవరో కట్టేశారు, జరిమానాతో సహా. నిన్న రాత్రి కంప్యూటరులో చూశాను. ఎవరు కట్టారో మాకు చూపించదు, పెద్దాఫీసుకే తెలుస్తుంది. నేను ఇక్కడ ఉండుంటే అప్పుడే తీసేసేదాన్ని."

"అది కోర్టు కాగితం మీద కనుక్కుంటాలే" అన్నాడు బోలెన్. "కట్టినవాళ్ళు తాళం వెయ్యలేదు. వేసింది నువ్వు."

*

పద్నాలుగో కొట్టులోకి నేను టోపీ తీసి వెళ్ళాను. ఎందుకు తీశానో తెలీదు. ఇల్లు లాగే ఉంది మరి.

పియానో లేదు. నడుమ వంటింటి బల్ల, చుట్టూ కుర్చీలు, ఒకటి తక్కువ. ఆ తక్కువైనదే షట్టరు దగ్గరుంది. కింద లినోలియం పట్టా పరిచి ఉంది, ఊడ్చి ఉంది. బీరువా వెనక మడత మంచం, పక్క సర్దిన తీరు సైన్యంలో పనిచేసినవాడి తీరు. కుడి వైపు రేకు గోడకి ఒక పళ్ళెం స్టాండు, దాని పైన పసుప్పూల కర్టెను. అక్కడ కిటికీ లేదు. రేకే ఉంది. అయినా కర్టెను రెండు పక్కలకీ తీసి కట్టి ఉంది, వెలుగు రావడానికన్నట్టు.

పైన్ వీధి ఇంటికొక అద్దె, ఈ కొట్టుకొక అద్దె. కిందటి ఏడు రెండూ కలిపి అతని పింఛనుని దాటిపోయాయి. ఒకటి ఒదులుకోవాల్సి వచ్చింది. తను ఉండే ఇల్లు ఒదులుకున్నాడు.

చిన్న గ్యాస్ హీటరు బల్ల కిందుంది. మీట చివరికంటా తిప్పి ఉంది. దాని గ్యాస్ బుడ్డి ఎత్తి చూశాను, తేలిక. లోపల ఇంకో బుడ్డి లేదు.

షట్టరు సగం దించి లోపలి వైపు చూశాను. రేకు మీద ఒక్క దెబ్బ లేదు. ఒక్క గీత లేదు.

"చూశావా?" అన్నాడు బోలెన్ బయట నుంచి. "తలుపు కూడా బాదలేదు. నిద్దట్లో పోయాడు. ఆమె నిద్రపోతున్నవాణ్ణి..."

"నిద్రపోయేవాడు మంచం మీద ఉంటాడు. ఇతను కుర్చీ తెచ్చి రేకుకి మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. అవతల మనిషుంటేనే అలా కూర్చుంటాడు. మాట వినపడ్డానికి."

"గాలితో మాట్లాడాడేమో. ముసలివాళ్ళు మాట్లాడతారు."

నేను బయటికొచ్చి గడియ చూశాను. కన్నాలు రెండూ అరిగినవే. గడియ చుట్టూ రేకు మీద చిన్న చిన్న గుంటలు, వరసలు వరసలుగా, తేనెపట్టు అచ్చు ఒత్తినట్టు. కొత్తవి. గీతల్లో తుప్పు పట్టలేదు.

"ఆ సంచీ ఒకసారి ఇటివ్వండి."

ఎర్ర తాళం మీద కూడా అవే గుంటలున్నాయి. వెలుగుకి తిప్పితే రంగు లేచిపోయిన చోట్ల మెరిశాయి.

"కట్టరు గుర్తులు" అన్నాడు బోలెన్.

"కట్టరు కోస్తుంది. గుంటలు పెట్టదు."

తర్వాత పారతో మంచు గుట్ట తవ్వడం మొదలెట్టాను. బోలెన్ కాసేపు చూశాడు. సిగరెట్టు ముట్టించుకున్నాడు. ఆర్పేశాడు.

"కుచేరా, నీ మెదడు బంగాళాదుంప తవ్వినంత నెమ్మదిగా పనిచేస్తుంది. నాకు పత్రికలవాళ్ళున్నారు, పై అధికారులున్నారు. ఫోను చేసింది కూడా ఆమే. చేసిన పాపం నిద్రపోనివ్వక చేసింది."

"రోండా గొంతు ఊళ్ళో ఆవులు కూడా గుర్తుపడతాయి లెఫ్టినెంట్. ఫోను తీసినవాడు రోండా బావమరిదే."

పార దేనికో తగిలింది. గ్యాస్ బుడ్డి. నిండుది, మూతకి సీలు తీయలేదు. షట్టరు పక్కన పెట్టినదాన్ని మంచు బండి తోసేసి ఉంటుంది.

"ఎవరో పారేసిన చెత్త."

"నిండు బుడ్డి ఎవరూ పారేయరు."

ఇంకాస్త తవ్వాను. బుడ్డికి బారెడు దూరంలో గుండ్రటి తాళం దొరికింది, కొక్కెం కోసేసి ఉంది. అగ్నిమాపకం వాళ్ళు రెండూ కోశారు. రెండోది ఎక్కడ పడిందో హడావిడిలో ఎవరూ చూసుకోలేదు. దాన్ని గ్లవ్వు మీద పెట్టుకుని బోలెన్‌కి చూపించాను.

"రోండా అబద్ధం చెప్పలేదు. అతని తాళం వేసే ఉంది."

బోలెన్ దాన్ని కాసేపు చూశాడు. మొండివాడే గాని మూర్ఖుడు కాదు. "ఐతే రెండూ ఆమే వేసింది. అతని తాళం తెరిచి వేలాడుతుంటే నొక్కేసింది. నొక్కడానికి చెవి అక్కర్లేదు."

"అలాగైతే చెవి అతని జేబులో ఉండాలి. నిన్న బట్టలన్నీ నేనే తీశాను. చేతిరుమాలు, దువ్వెన, ఆర్డిస్ ఫోటో. చెవి లేదు. ఇప్పుడు లోపల అరంగుళం వదలకుండా చూశాను. లేదు. చెవి బయట ఎవరి దగ్గరో ఉంది. రోజూ అతన్ని లోపల పెట్టి తాళం వేసినవాళ్ళు, రోజూ తీసినవాళ్ళు."

"అంటే హంతకుడు వేరే ఉన్నాడంటావు."

"హంతకుడని నేననలేదు."

"మాటలు నాకొద్దు కుచేరా. చెవి తీసుకురా. భోజనాల వేళ దాటితే రోండా నా కారులో ఉంటుంది." దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీ ఊరివాళ్ళని కాపాడుకోవాలని నీకుంటుంది. అర్థం చేసుకోగలను. కాని ఒకరిని వదిలితే ఇంకొకరిని ఇవ్వాలి నువ్వు నాకు. అది ఆలోచించుకుని వెళ్ళు."

ఆ మాట నేను ట్రక్కులో కూర్చున్నాక కూడా వదల్లేదు. ఎందుకంటే గుంటలు చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. గట్టి మాంసాన్ని మెత్తబరిచే సుత్తికి అలాంటి పళ్ళుంటాయి. ఇళ్ళల్లో ఉండేది చిన్నది. అరచేతి వెడల్పు సుత్తి మా ఊళ్ళో ఒక్కచోటే చూశాను నేను. బడి వంటింట్లో, కిటికీ పక్కన మేకుకి. చిన్నప్పుడు రోజూ పళ్ళెం పట్టుకుని దాని కిందే నిలబడేవాణ్ణి.

*

బడికి పిల్లల భోజనాలు అయిపోయిన వేళకి వెళ్ళాను. వంటింట్లో ఆవిరి, దాల్చినచెక్క వాసన. గురువారం కదా. మా వైపు బళ్ళల్లో చిల్లీ పెట్టిన రోజున దాల్చినచెక్క రొట్టె కూడా పెడతారు. చిక్కుళ్ళూ కైమా కారంగా ఉడికించిన పులుసులో తీపి రొట్టె ముంచుకు తింటాం. బయటివాళ్ళు నవ్వుతారు. మాకు అదే భోజనం.

వెర్నా తొట్టి దగ్గర పెద్ద గిన్నె తోముతోంది. ఆర్డిస్ చెల్లెలు. లీలండ్ మరదలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఈ బడి వంట ఆమెదే.

"తలుపు వెయ్యి, చలి" అంది వెనక్కి తిరక్కుండానే. "టోపీ తియ్యి."

తీశాను. మేకు మీద సుత్తి ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను.

"దీని పళ్ళలో ఎర్ర రంగుంది వెర్నా గారూ."

గిన్నె తోమడం ఆగింది.

"కడిగానురా. పోలేదు."

నీళ్ళు కట్టేసి చేతులు తుడుచుకుంది. జాకెట్టు లోపల నుంచి దారం ఒకటి పైకి లాగింది. దాని చివర చిన్న తాళంచెవి ఉంది. మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. నేను జేబులోంచి గుండ్రటి తాళం తీశాను. చెవి దూర్చి తిప్పాను. తిరిగింది.

ఇద్దరం కూర్చున్నాం.

"రోజూ మీరే వేసేవారు" అన్నాను.

"సాయంత్రం వేసేదాన్ని. పొద్దున్నే బడికొచ్చే ముందు తీసేదాన్ని. తాళం లేకపోతే రోండా చూసి, ఖాళీ చేశారనుకుని షట్టరు ఎత్తుతుంది. బయట తాళముంటే లోపల ఎవరూ లేరనుకుంటుంది. ఆ ఆలోచన ఆయనదే. ఎంత తెలివో అని ఇద్దరం నవ్వుకున్నాం కూడా."

"మీ ఇంట్లో చోటు లేదా?"

"వెనక గది ఖాళీ. పక్క మార్చి మార్చి పెడుతూనే ఉన్నాను. రమ్మంటే, అంత అద్దె కట్టి అది ఖాళీగా ఎందుకు పెట్టాలి వెర్నా అనేవాడు. ఆయనకి అసలు సంగతి అది కాదులే. ఆ కర్టెను ఎదురుగా కూర్చుంటే అక్క అంట్లు తోముతున్నట్టే ఉంటుందట. దానికి నేనేం చెప్పను?"

"సామాను మీ ఇంటికే తెచ్చుంటే?"

"అడిగాను. మొదటి ఏడే అడిగాను. ఒక్క నెల ఆగు, చోటు చూస్తున్నాను అన్నాడు. ప్రతి నెలా ఒక్క నెలే ఎమ్మెట్. తొమ్మిదేళ్ళూ ఒక్కొక్క నెలే."

మంగళవారం సంగతి నేను అడగలేదు. ఆమే చెప్పింది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బల్ల వంక చూస్తూ.

"వెళ్ళేసరికి మా తాళం పక్కన ఎర్ర తాళముంది. నా దగ్గరున్న చెవి దానికి పనికిరాదు. రేకు మీద కొట్టాను. లోపల నుంచి, విన్నాను వెర్నా, వేస్తుంటే విన్నాను అన్నాడు. మరి అరవలేదేం అన్నాను. అరిస్తే బయటికి తీసేవాళ్ళు కదా అన్నాడు. వెళ్ళి అద్దె కట్టు, వాళ్ళే తీస్తారు, నాకేం తొందర అన్నాడు. బడికొచ్చి పిల్లలకి టిఫిన్లు పెట్టి, ఆఫీసుకి పరిగెత్తాను. రోండా లేదు. పెద్దాఫీసుకి ఫోను చేసి నా కార్డు మీద కట్టాను. ఎవరో అమ్మాయి, థాంక్స్ అండీ, రేపటి పనివేళల్లో తాళం తీస్తాం అంది. రేపా అన్నాను. లోపల ఏమన్నా అర్జెంటు సామానుందా అండీ అని అడిగింది."

"ఏం చెప్పారు?"

"లేదన్నాను."

బయట హాల్లో పిల్లలు పరుగెడుతున్నారు. ఎవరో టీచరు కేకేసింది. చప్పుడు తగ్గింది.

"చెప్తే తాళం తీస్తారు. ఆయన్నీ తీస్తారు. కొట్టులో కాపురమున్నాడని సామాను రోడ్డు మీద పడేస్తారు. ఒట్టు పెట్టించుకున్నాడు నా చేత. సాయంత్రం బుడ్డి తీసుకుని వెళ్ళాను. అప్పటికే మంచు మొదలైంది. బుడ్డి ఇచ్చే దారేది? ఆ రేకు కింద వేలు కూడా పట్టదు. ఈ సుత్తితో కొట్టాను, చేతులు తిమ్మిరెక్కిందాకా కొట్టాను. తాళం నవ్వుతోంది నన్ను చూసి. చాల్లే వెర్నా, చప్పుడుకి ఎవరైనా వస్తారు, నువ్వెళ్ళు, దారి మూసుకుపోతుంది, నాకు వెచ్చగానే ఉంది అన్నాడు."

అక్కడ ఆగింది.

"నలభై ఏళ్ళు ఈ పిల్లల గొంతులు విన్నాను. ఎవడికి నిజంగా జొరమో, ఎవడు బడి ఎగ్గొట్టడానికి దొంగవేషం వేస్తున్నాడో గొంతు విని చెప్తాను. ఆయన గొంతు వణుకుతోంది. తెలిసింది నాకు. తెలిసే వెళ్ళిపోయాను." మొహం తుడుచుకోలేదు. "వెళ్తుంటే పిలిచాడు. అద్దె కట్టేశావా అన్నాడు. కట్టేశాను బావా, అంతా కట్టేశాను అన్నాను. ఐతే ఈ నెల మనదే అన్నాడు. సంతోషంగా అన్నాడురా."

బుధవారం పొద్దున దారి మూసేసి ఉంటే నడిచే వెళ్ళింది. పిలిచింది. అతను పలకలేదు. బడి దగ్గర కాబట్టి ఇక్కడికొచ్చి, ఈ వంటింటి ఫోను నుంచే చేసింది.

తలుపు చప్పుడైంది. బోలెన్. ఎంతసేపటి నుంచి అవతల నిలబడ్డాడో తెలీదు. బూట్ల మీది మంచు కరిగి కింద నీళ్ళయి ఉంది, అంతసేపు. బల్ల మీద తాళాన్నీ, అందులో ఉన్న చెవినీ చూశాడు. మేకు మీది సుత్తిని చూశాడు.

"రోండా నా కారులో ఉంది" అన్నాడు. ఎందుకో నాతో కాకుండా వెర్నాతో అన్నాడు.

"పాపం, చలిలో కూర్చోబెట్టావా?" అంది వెర్నా. "లోపలికి తీసుకురా."

"అమ్మా, మీరు..." గొంతు సవరించుకున్నాడు. "మీరు కూడా నాతో రావాల్సి ఉంటుంది. గడియ వేసి తాళం పెట్టింది మీరు. లోపల మనిషున్నాడని తెలిసి కూడా సాయం పిలవలేదు. చట్టం దాన్ని ఏమంటుందో మీకు చెప్పాలి నేను."

"తెలుసు నాయనా. వస్తాను. తిని వెళ్దాం."

బోలెన్ నా వంక చూశాడు. నేను అతని వంక చూడలేదు. అతను బయటికి వెళ్ళి రోండాని తీసుకొచ్చాడు. ఆమె మణికట్టు మీద బేడీ ఒత్తిన గుర్తు ఎర్రగా ఉంది, బేడీ లేదు. రోండా లోపలికొచ్చి బల్ల మీద చెవి చూసింది. వెర్నాని చూసింది. కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చుంది.

వెర్నా లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పెద్ద గిన్నె ఖాళీ, పిల్లలు ఊడ్చేశారు. రొట్టెల పళ్ళెం ఖాళీ. తర్వాత తలుపు పక్క అలమర మీద నుంచి ఒక డబ్బా తీసింది. మూతపెట్టి, గుడ్డ చుట్టి, ముడి వేసి ఉంది. సాయంత్రాలు తీసుకెళ్ళే డబ్బా. ఈ రోజు కూడా కట్టి పెట్టింది. చేతులకి ఎవరూ చెప్పలేదు మరి.

ముడి విప్పింది. ఒక మనిషికి సరిపడా చిల్లీ. ఒక రొట్టె.

నాలుగు పళ్ళేలు తెచ్చింది. గరిటెతో కొలిచినట్టు నాలుగింట్లోనూ సమంగా వడ్డించింది, పిల్లలకి వడ్డించినట్టే. రొట్టెని చేత్తో నాలుగు ముక్కలు చేసింది. పెద్ద ముక్క బోలెన్ పళ్ళెంలో వేసింది.

అతను చెంచా తీసుకోలేదు. రొట్టె ముక్క చేత్తో పట్టుకుని చిల్లీలో ముంచాడు. ఎవరూ చెప్పకుండానే. ఇతనూ మావైపు బడిలోనే తిన్నాడన్నమాట.

రోండా ముంచింది. నేను ముంచాను. వెర్నా అందరి పళ్ళేలూ ఒకసారి చూసి, ఆఖరున తన ముక్క ముంచింది.